అమ్మకిచ్చిన డబ్బీ

యూనివర్సిటీ వాళ్ల కంపెనీ చేసిన కొత్త టీబీ పరీక్ష కిట్ పట్టుకుని మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశక్క మా ఇంటికి వచ్చింది. దగ్గుతున్న అమ్మకు చిన్న డబ్బీ ఇచ్చింది.

"గంగమణక్కా, ఇండ్ల తెమడ ఊంచి తే. నువ్వు చాయ్ పెట్టేలోపు తేలుతది."

లోపలికి రాగానే అమ్మ డబ్బీని నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఊంచు బిడ్డా. నాకు టీబీ అని తెలిస్తే నేను చుట్టిన బీడీలు ఎవలు తీసుకోరు."

కాదనలేక ఊంచాను.

కిట్ మీద రెండు గీతలు వచ్చాయి. "టీబీ ఉన్నదక్కా. ఆర్నెల్లు మందులు మింగాలె," అంది ఆశక్క.

అమ్మ నా వైపు చూసింది. నెల నుంచి బాత్రూంలో నల్లా నీళ్ల చప్పుడు చాటున దగ్గుతున్నానని నేనెవరికీ చెప్పలేదు.

"రాస్కో, గంగమణికి టీబీ అని. బీడీలు బందైతే బందాయె," అంది అమ్మ ఆశక్కతో.

తన పేరున వచ్చే మాత్రలన్నీ అమ్మ నాకే మింగిస్తోంది. తన దగ్గు ఇంకా ఆగలేదు.