చెల్లెలికి కొత్త కథలు

"ఈ కాయితాలు ఎవరిచ్చిండ్రు నీకు?" అన్నాడు కానిస్టేబుల్ చిరంజీవి.

చర్ల బస్సును అడవి మధ్యలో ఆపి, అందర్నీ దింపి సంచులు సోదా చేస్తున్నారు. ఫ్లోరెన్స్ సంచిలో ఒక చీర, మంచినీళ్ల సీసా, దారంతో కుట్టిన కాగితాల కట్ట ఉన్నాయి. చీరనూ సీసానూ అతను పక్కన పడేశాడు. కట్టనే తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఎవరూ ఇయ్యలే సారు. వారపత్రికల్ల వచ్చినయి. నేనే చింపి కుట్టుకున్న. కథలు."

"ఏం కథలు? గనిల కూలీలు దొర మీద తిరగబడ్డరని రాసుంది. పనిముట్లు కిందేసిండ్రట. గిది అన్నల రాత లెక్కనే ఉంది."

"వాళ్లు మనుషులు కాదు సారు. ఇనుప బొమ్మలు. ఆ గని చంద్రుడి మీద ఉంటది."

బస్సు దిగి తన తునికాకు మూట మీద కూర్చున్న జమ్లి కిసుక్కున నవ్వింది. "ఆడ పోడు పట్టాలు ఇస్తున్నరేమో అడుగు పెద్దమ్మా. ఈడైతే ఇస్తలేరు."

కండక్టర్ మోతీలాల్ దగ్గరకొచ్చాడు. "సార్, జల్దీ చూడుండ్రి. ఇప్పటికే లేటైంది."

"ఈ కట్ట ఎస్సై గారు చూడాలె. ఆయన వచ్చేసరికి సాయంత్రమైతది. పెద్దమ్మను ఈడ ఆపి మీరు పోండ్రి."

మామూలుగా పోలీసును చూస్తేనే వణికే మనిషి ఫ్లోరెన్స్. ఇవాళ వణుకు రాలేదు. పొద్దుటి నుంచీ చేతులూ కాళ్లూ తనవి కానట్టే ఉన్నాయి.

"మూడింటికల్లా మా చెల్లె దగ్గర ఉండాలె సారు. ఈ కథలు దానికే."

"అయితే కట్ట ఇడిసిపెట్టి నువ్వు పో."

"కట్ట లేకుంట పోను. కొత్తయి తెస్తనని దానికి మాటిచ్చిన."

"గంత పిచ్చా మీ చెల్లెకు?"

"విశ్రాంతమ్మ సంగతి మీకు తెల్వదు. వేరే లోకాలు, మంత్రాలు, యంత్రాలు ఉంటేనే చదువుతది. పోయినేడాదివి ఇస్తే మొహం మీద కొడతది."

చిరంజీవి నవ్వు ఆపుకున్నాడు. "సరే, నిజంగ కథలేనా చూద్దం. ఆ ఇనుప బొమ్మలు ఏమైతయో చెప్పు."

ఫ్లోరెన్స్ రోడ్డు కేసి చూస్తూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "పని ఆపినంక ఏం చెయ్యాల్నో వాటికి తెల్వదు. అన్నీ కలిసి భూమి దిక్కు చూసుకుంట కూసుంటయి. దొర బెదిరిస్తడు. బతిమాలుతడు. లేవవు."

"ఆఖరికి?"

"ఆఖరికి దొర గూడ వచ్చి వాటి పక్కన కూసుంటడు."

చిరంజీవి తుపాకీని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. జమ్లి మూట దిగి దగ్గరకొచ్చింది. మోతీలాల్ కూడా తొందర పెట్టడం మానేశాడు.

"ఇంకోటి చెప్పు."

"ఇది మొన్న దసరాకు వచ్చింది. గోదారి అడుగున ఒక ఊరు. పడవ మునిగి పోయినోళ్లంత ఆడ నాట్లు వేసుకుంటుంటరు. ఒడ్డు మీదికెల్లి పిలిస్తే పలుకుతరు. రారు."

"అయ్యో, ఒక్కరు గూడ రారా?" అంది జమ్లి.

"రారు."

చిరంజీవి కట్టను ఆమె చేతిలో పెట్టాడు. "మంచియే చదువుతున్నవ్ పెద్దమ్మా. క్యాంపుల మాకు పేకముక్కలే దిక్కు. నాకొకటి ఇయ్యి. ఏది బాగుంటది?"

ఆమె దారాన్ని పళ్లతో కొరికింది. అడుగున ఉన్న కథను విడదీసి ఇచ్చింది. "ఇది తీస్కో. ఒకామెను మంచుగదిల పండబెడతరు. నూరేండ్లకు లేపుతరు. లేచి చూస్తే తనోళ్లు ఒక్కరు గూడ ఉండరు. అన్నిట్ల ఇదే మంచిది."

"గంత మంచిది మీ చెల్లెకు ఇయ్యవా?"

"దానికొద్దు. భయపడతది."

అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చీరనూ సీసానూ తనే సంచిలో సర్ది, చెయ్యి పట్టి ఆమెను బస్సెక్కించాడు. మోతీలాల్ విజిల్ ఊదాడు. బస్సు కదలబోతుంటే చిరంజీవి కిటికీ దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా! ఇనుప బొమ్మలది నేను సొంతంగ చదువుకోవాలె. మీ చెల్లె చదివినంక కండక్టర్‌తోని పంపియ్యమను. మల్ల వాపసు ఇస్త."

ఫ్లోరెన్స్ కట్టను ఒళ్లో పెట్టుకుని తెగిన దారానికి ముడి వేస్తోంది. తలెత్తలేదు.

"ఎట్ల పంపుతది బిడ్డా? ఇవి తల కింద పెట్టినంకనే దాని శవప్పెట్టెకు మేకులు కొడతనని పాస్టరు గారు ఆగిండు."