ఒక తుంటికి ముగ్గురు డాక్టర్లు

“కోయించుకోవాలా వద్దా, రెండు ముక్కల్లో తేల్చండి డాక్టరుగారూ. ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కిపోయింది,” అన్నాడు సెలూన్ యజమాని కుర్చీలో కూలబడుతూ.

ఆయన భార్య ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని తలుపు దగ్గరే ఆగింది. డాక్టరు కూర్చోమంటే, “పరవాలేదండీ, నిలబడతాను,” అంది.

“ఈ తుంటి నొప్పికి ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?”

“ఇద్దరికి. అక్కడే వచ్చింది చిక్కు. ఎక్స్‌రే తీయించుకుని నేనలా టీకి వెళ్ళొచ్చేసరికి మా ఆవిడ ఫిల్మ్ పట్టుకుని రెడీగా ఉంది. నాకు షాపు వదిలి కదలడం కుదరక, మా బావమరిది ఆ ఫిల్మ్ ఒక్కటే మొదటాయనకి చూపించాడు. తుంటి కీలు అరిగిపోయింది, మార్చాల్సిందే అన్నాట్ట. రెండో ఆయన దగ్గరికి నేనే వెళ్ళాను. ఆ రోజు మా ఆవిడ ఫిల్మ్ ఇంట్లో మర్చిపోయింది. ఆయన కాలు అటూ ఇటూ తిప్పి, కండరం పట్టేసింది, వ్యాయామం చేస్తే చాలు పొమ్మన్నాడు. ఒకాయన కత్తి అంటాడు, ఒకాయన కసరత్తు అంటాడు. ఎవర్ని నమ్మను?”

సెలూన్‌లో సంగతి చెప్పనే అక్కర్లేదు. గడ్డానికి నురగ పెట్టించుకున్న ప్రతివాడూ డాక్టరే. ఆపరేషనయ్యాక మా పెదనాన్న లేడిపిల్లలా గెంతుతున్నాడని ఒకడంటే, మా మేనత్త మంచం దిగితే ఒట్టని ఇంకొకడు. ఈ గందరగోళంలో పడి పాపం ఆయన నిన్న ఒక పెద్దమనిషికి ఒక పక్క మీసం తీసేశాడు.

డాక్టరు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, కాలు లోపలికీ బయటికీ తిప్పాడు. సెలూన్ యజమాని నొప్పి ఉందన్నాడు గానీ, కాలు నూనె వేసిన తలుపులా తిరిగింది.

“ఆపరేషన్ చేయించుకుంటే మెట్లెక్కొచ్చాండీ?” అడిగింది భార్య.

“ఎక్కొచ్చమ్మా.”

“వంగి ఇల్లు తుడవొచ్చా? నీళ్ళ బకెట్లు మొయ్యొచ్చా?”

సెలూన్ యజమాని పడుకునే నవ్వాడు. “నేనేనాడు ఇల్లు తుడిచానే? చూశారా, నాకంటే మా ఆవిడకే బెంగెక్కువ. రాత్రిళ్ళు నిద్ర కూడా పోదు.”

ఆమె నవ్వలేదు. “ఎన్నాళ్ళు పడకలో ఉండాలి? అన్నాళ్ళూ పని ఆగిపోతే ఎలా?”

“షాపు సంగతి నేను చూసుకుంటాలే,” అన్నాడాయన.

డాక్టరు ఫిల్మ్‌ని లైటుకు తగిలించి కనుబొమలు ముడేశాడు. కాలు చూస్తే నిక్షేపంగా ఉంది, కీలు చూస్తే పూర్తిగా అరిగిపోయింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఆయనకీ అంతుపట్టలేదు.

“ఈ మూల ఎవరు కత్తిరించారు? పేరుండేది ఇక్కడే.”

“మా ఇంట్లో కత్తెరలకేం కరువండీ. ఏదో తగిలి తెగుంటుంది,” అన్నాడు సెలూన్ యజమాని.

డాక్టరు ఇంకాసేపు చూసి ఫిల్మ్ తీసేశాడు. “ఇది మీది కాదు. ఆడమనిషి ఎముకలివి. మీకు ఆపరేషన్ అవసరం లేదు.”

సెలూన్ యజమాని ఒక్క ఉదుటున బల్ల దిగాడు. ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. “ఆ ఎక్స్‌రే వాడి నిర్వాకం, మార్చి ఇచ్చేశాడు. ఎవరావిడో గానీ, అంత నొప్పితో ఎలా నడుస్తోందో. ఇంట్లోవాళ్ళకి కళ్ళు లేవేమో. పద, పోదాం.”

ఆమె కదల్లేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒంటికాలి మీదే బరువంతా మోపి నిలబడింది.

“మీరు టీకి వెళ్ళినప్పుడు నేనూ తీయించుకున్నానండీ,” అని భర్తతో అని, డాక్టరు వైపు తిరిగింది.

“ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ, కోయించుకోనా, వద్దా?”