దివాకర్ సార్ చెప్పిన తాత్పర్యం

“ఆపు బిడ్డా! గిసొంటి కవితను నవ్వుకుంట చదువుతరా ఎవరన్నా?”

దివాకర్ సార్ గద్దింపుకు ప్రవళిక ముఖంలో నవ్వు ఠక్కున మాయమైంది. శనివారం సాయంత్రం, బడి వదిలాక స్టాఫ్‌రూములో సాధన జరుగుతోంది. సోమవారం జిల్లా స్థాయి కవితల పోటీ. బడి తరఫున, తాను రాసిన కవిత చదవాల్సింది తొమ్మిదో తరగతి ప్రవళిక. దివాకర్ నారాయణపేట నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన తెలుగు సారు. పిల్లల ఇళ్లూ వాకిళ్లూ ఇంకా తెలియవు. వచ్చీ రాగానే ఒక బహుమతి పట్టుకొస్తే కొత్త బడిలో తన మాటకు విలువ పెరుగుతుందని ఆయన ఆశ.

“మల్ల చదువు. మెల్లగ.”

ప్రవళిక చదివింది.

“మా ఇంటి దీపం కొండెక్కింది
గుమ్మిల గింజలు నిండుకున్నయి
అమ్మ పుస్తెలతాడు పెరిగింది
బాపు నిమ్మళంగ పండుకున్నడు.”

“నాకైతే సంతోషంగనే అనిపిస్తాంది సార్,” అంది పక్కనే పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న లెక్కల టీచరు నిరోష.

“మీది లెక్క, టీచర్. రెండు రెండ్లు నాలుగంటే నాలుగే. కవిత్వంల గట్ల కుదరదు.” దివాకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తాత్పర్యం చెప్పే అవకాశం వస్తే ఆయన వేడి టీ కూడా పక్కన పెట్టేస్తాడు. “దీపం ఆరిందంటే కీడని కొండెక్కింది అంటరు. ఇంట్ల గింజ లేదనలేక నిండుకున్నయి అంటరు. పుస్తెలతాడు తెగిందనేటందుకు నోరు రాక పెరిగింది అంటరు. లేమిని కలిమి మాటల్ల దాచిపెట్టుడు గిది. ఇగ ఆఖరి పాదం...”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“నిమ్మళంగ పండుకున్నడట. ఇగ లేవడని గీ పసిది ఎట్ల రాస్తది?”

నిరోష చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. “అయ్యో ప్రవళికా!” అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“గది కాదు సార్, మా బాపు...”

“చెప్పకు బిడ్డా. నాకు సమజైంది. మాట నవ్వుతాంది, గుండె ఏడుస్తాంది. గా ఏడుపు నీ గొంతుల రావాలె. నాలుగో పాదం కాడ జర ఆగు.”

ప్రవళిక అయోమయంగా కాగితం వంక చూసుకుంది. ఈసారి మెల్లగా చదివింది. నాలుగో పాదం దగ్గర ఆగమన్నచోట ఆగింది. కళ్లనుంచి బొటబొటా నీళ్లు రాలాయి.

“గట్ల!” అన్నాడు దివాకర్. బహుమతి వచ్చేసినట్టే అనుకున్నాడు. కానీ ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. తండ్రి లేని పిల్ల, గింజ లేని ఇల్లు. అలాంటి పిల్ల కన్నీళ్లతో తాను పేరు తెచ్చుకోవాలనుకుంటున్నాడు! తన మీద తనకే సిగ్గేసింది.

ఆదివారం మధ్యాహ్నం బండి మీద బియ్యం బస్తా వేసుకుని బయల్దేరాడు. ఊళ్లో టీ కొట్టు సైదులును అడిగాడు, “ప్రవళిక వాళ్ల నాయిన... ఐలేశం ఇల్లు యాడ?”

“ఐలేశమా? పైకి పోయిండు గద సార్!”

“తెల్సు నాయినా,” అన్నాడు దివాకర్ బరువుగా. “ఇల్లు చెప్పు.”

సైదులు వింతగా చూసి, ఊరవతల గుట్టను చూపించాడు.

గుట్ట మీద వాకిట్లో ప్రవళిక తల్లి నాగులమ్మ పల్లికాయ ఎండబోస్తోంది. సారును చూడగానే కొంగు సర్దుకుని, పెదవుల మీద వేలు పెట్టింది.

“మెల్లగ మాట్లాడుండ్రి సారూ. ఆయన లోపట పండుకున్నడు.”

దివాకర్ బండికి స్టాండు వేసి దగ్గరికొచ్చాడు. పాపం, దుఃఖంతో మతి చలించింది అనుకున్నాడు.

“ధైర్యంగ ఉండాలె అమ్మా. పోయినోళ్లు...”

మాట పూర్తికాలేదు. లోపలినుంచి గురక వినిపించింది. అలాంటిలాంటి గురక కాదు, పైరేకులు అదిరే గురక. పోయినవాళ్లు గురక పెట్టినట్టు ఏ కావ్యంలోనూ ఆయన చదవలేదు.

“గట్ల గురక పెట్టి ఎన్నేండ్లాయె సారూ!” నాగులమ్మ మురిసిపోయింది. “ఎన్కట మోటరుకు కరెంటు ఎప్పుడొస్తదో అని రాత్రిళ్లు బాయి కాడ్నే కావలుండేటోడు. ఇప్పుడు పగలు గూడ కరెంటుంటాంది. మా గుట్ట మీదికి సుత స్తంభాలేసిండ్రు, ఇంట్ల బుగ్గ దీపం ఎలుగుతాంది. వడ్లు గుమ్మి నిండి బస్తాలకెక్కినయి. గీ తాడు సూడుండ్రి, ఇంకో తులం ఏసి పెంచిచ్చిండు.”

దివాకర్‌కు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఎక్కడలేని సంతోషం పొంగుకొచ్చింది. బహుమతి పోతే పోనీ. పిల్లకు తండ్రి ఉన్నాడు, ఇంట్లో గింజ ఉంది.

“గా బస్తా ఏంది సారూ?”

“మా ఇంటికే అమ్మా. తీస్కపోతాంటె మీ ఇల్లు దారిల తగిలింది.”

ఆ గుట్ట మీదుగా ఎవరింటికీ దారి లేదు. నాగులమ్మ మర్యాదస్తురాలు కనుక ఆ మాట అనలేదు. పైగా బస్తా పక్కన ఇంకో సంచీ నిండా పల్లికాయ పోసి కట్టింది.

ప్రవళిక చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

“రేపు నీ ఇష్టమొచ్చినట్టు నవ్వుకుంట చదువు బిడ్డా,” అన్నాడు దివాకర్. “నేను ఒక్క మాట అనను. అయినా గిదంత నీకు ముందే తెల్సు గద. మరి నిన్న గంతగనం ఎందుకేడ్చినవ్?”

ప్రవళిక తల వంచుకుంది.

“మీరు గంత బాగ చెప్పిండ్రు సార్. ఇంటికి ఉరికొచ్చి, పండుకున్న బాపును లేపి చూసిన.”