గట్టి రేకు

గేర్‌బాక్సు కిందికి దించగానే మెకానిక్ ప్రభుదాసుకి విషయం తెలిసిపోయింది.

ఆటోమేటిక్ బళ్లలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ నడుమ పళ్లెమంత ఉక్కు రేకు ఉంటుంది. ఫ్లెక్స్ ప్లేటంటారు. ఇంజను బలమంతా దాని మీదుగానే చక్రాలకి పోవాలి. ఆ రేకు బోల్టుల చుట్టూ గుండ్రంగా చీలిపోయింది. నడిమి ముక్క ఇంజనుకి అంటుకునే ఉంది. మిగతాది చేతిలోకి ఊడొచ్చింది.

కారు శ్యాంసుందర్‌ది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న మనిషి. ఒకప్పుడు వేగమంటే పిచ్చి. జపాన్ నుంచి దిగిన పాత కారు కొని, హైదరాబాదు తీసుకెళ్లి ఇంజను జోరు ఒకటిన్నర రెట్లు పెంచించాడు. పలాస గతుకుల్లో దీన్నెక్కడ పరిగెత్తిస్తాడని అప్పట్లో అందరూ నవ్వారు. రెండేళ్ల కిందట భార్య దమయంతికి కిడ్నీలు పాడయ్యాక ఎవరూ నవ్వలేదు. వారానికి రెండుసార్లు వైజాగ్‌లో డయాలసిస్. బస్సులో ఐదు గంటలు. ఆ కారులో రెండున్నర.

పలాస చుట్టుపక్కల ఉద్దానంలో ఆ జబ్బు ఏ ఇంటికి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

కిందటి నెలాఖరున వైజాగ్ వెళ్తూ ఉంటే హరిశ్చంద్రపురం దగ్గర కారు ఆగిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది. చక్రాలు మాత్రం కదల్లేదు. గంటన్నరకి గానీ ఇంకో బండి దొరకలేదు.

వారం పోయాక కారుని లారీ మీద ఎక్కించి కాశీబుగ్గలో ప్రభుదాసు షెడ్డుకి తెచ్చారు. వెనకే శ్యాంసుందర్ వచ్చాడు. గెడ్డం మాసిపోయింది. ఫ్యాక్టరీ వైపు వెళ్లడం మానేశాడు. పొద్దున్నే వచ్చి షెడ్డులో పాత టైరు మీద కూర్చుంటే మళ్లీ సాయంత్రానికే లేచేది.

పక్క కొట్టు వెల్డరు బైరాగి రేకుని చూసి, గంటలో అతికించి ఇచ్చేస్తానన్నాడు. ప్రభుదాసు ఒప్పుకోలేదు. వైజాగ్ పాతసామాన్ల బజారులో అలాంటి రేకే దొరుకుతుందని, రెండ్రోజుల్లో బిగించొచ్చని శ్యాంసుందర్‌కి చెప్పాడు. కాకపోతే అది మామూలు ఇంజనుకి చేసిన రేకు. ఇంత జోరుకి మళ్లీ ఏదో ఒకనాటికి చీలుతుంది.

శ్యాంసుందర్ ఊడొచ్చిన ముక్కని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మరోపాలి ఆగకూడదు దాసూ. అన్నిటికన్నా గట్టిది ఏదుంటే అదే తెప్పించు. వచ్చే శుక్రవారం ఎనిమిదింటికి బెడ్డు రాయించీసినాను."

కోయంబత్తూరులో పందెం కార్లకి రేకులు చేసేవాళ్లున్నారు. అక్కడికి ఫోన్ చేశారు. ఒకే ఉక్కు దిమ్మ నుంచి కోసిన రేకు. పాతదానికి రెండింతల మందం. మంగళవారం పలాస స్టేషన్లో పార్సిలు దిగింది.

ఆ మధ్యాహ్నం ప్రభుదాసు భార్య నయోమి ఇద్దరికీ క్యారియరు తెచ్చింది. చెప్పులు బిగుతయ్యాయని చేత్తో పట్టుకునే నడిచొచ్చింది. స్టూలు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. శ్యాంసుందర్ లేచి గ్లాసుతో మంచినీళ్లిస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది. అతను అన్నం కెలుకుతూ కూర్చుంటే, ఇంకో ముద్ద తినమని దగ్గరుండి తినిపించి గానీ వెళ్లలేదు.

బుధవారం ప్రభుదాసు కొత్త రేకు ఎత్తాడు. మందం పెరిగింది కాబట్టి వెనక గేర్‌బాక్సు వైపుండే కన్వర్టరుకి జాగా చాలుతుందో లేదో మూడుసార్లు కొలిచాడు. బోల్టుల్ని ఎదురుబొదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తున్నాడు. నాలుగో బోల్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పది రోజులుగా దాచుకున్న మాట కారు కింద నుంచే బయటపెట్టాడు.

"దారిలో ఆగిపోకముందు మీరు బండి సర్వీసుకి తెచ్చినప్పుడు లోపల టకటకమని సప్పుడు ఇన్నాను బాబూ. ఇంజనులో ట్యాపెట్లు వదులైనాయనుకున్నాను. దించి సూసుంటే…"

కారు కింద నుంచి ప్రభుదాసుకి శ్యాంసుందర్ కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కదల్లేదు.

"నేనూ ఇన్నాను," అన్నాడు చివరికి. "సౌండు పెంచి పాటలెట్టుకున్నాను. బిగించు దాసూ."

ప్రభుదాసు చొక్కా చేతికి కళ్లు తుడుచుకుని మిగతా బోల్టులు బిగించాడు.

గురువారం పరీక్షకని ఇద్దరూ బయల్దేరారు. టెక్కలిలో వెనక్కి తిప్పుదామనుకున్నారు. శ్యాంసుందర్ తిప్పలేదు. హరిశ్చంద్రపురం దగ్గర ఒక మైలురాయి పక్కన ఆపాడు. ఎండ మండిపోతోంది. ఇంజను నడుస్తూనే ఉంది. ప్రభుదాసు తల వంచి చెవి ఒగ్గాడు. టకటకలు లేవు. పట్టుగుడ్డ జారినట్టు నున్నటి శబ్దం.

"ఇక్కడే," అన్నాడు శ్యాంసుందర్.

ప్రభుదాసు తలెత్తలేకపోయాడు.

కాసేపటికి శ్యాంసుందర్ కారుని తిప్పి, ఒక్కసారిగా తొక్కాడు. కొబ్బరి తోటలు వెనక్కి పరిగెత్తాయి. ఎంత తొక్కినా రేకు చలించలేదు. అంత వేగంలోనూ అతని మొహంలో పాత సరదా జాడ లేదు.

షెడ్డు దగ్గర ప్రభుదాసుని దింపుతూ, "రేపు ఐదింటికి వత్తాను. నువ్వూ రావాల. వెనక కూకో," అన్నాడు.

ప్రభుదాసు తలూపాడు.

పద్దెనిమిది రోజుల కిందట దమయంతి ఊపిరి ఆగిపోయిన ఆ వెనక సీటులో, శుక్రవారం తెల్లవారుతుండగా, తన మొదటి డయాలసిస్‌కి బయల్దేరిన నయోమి మొగుడి భుజం మీద తల వాల్చింది.