ముట్టు కాదు

ఆకేరు వాగు పొంగి మిరపతోటలను ఊడ్చుకుపోయిన మరుసటి ఏడు అది. ఇల్లిల్లూ తిరుగుతూ నర్సు రాజమణి సాయిలు ఇంటికి వచ్చేసరికి అతని భార్య కొమురవ్వ బర్రెల కొట్టంలో విడిగా కూర్చుని ఉంది.

"ఎందుకు కూసున్నవవ్వా గీడ?"

సాయిలే ఎగతాళిగా అందుకున్నాడు. "మా ముసల్దానికి మళ్ల పడుచుతనమొచ్చింది నర్సమ్మా! ముట్లుడిగిన ఆరేండ్లకు మళ్ల ముట్టైంది. ఇరవై దినాలాయె, ఆగుతలేదు."

"గది ముట్టు గాదు. ఉడిగినంక నెత్తురు పడితే గర్భసంచి మూతికి పుండేమో వరంగల్ పెద్ద దవాఖానల చూపియ్యాలె. క్యాన్సరైనా మొదట్ల దొరికితే నయమైతది."

"ఆడోళ్ల రోగానికి వరంగల్ దాక ఎవడు పోతడు? ఊరంత నవ్వుతది."

రాజమణి కొట్టంలోని బర్రె వంక చూసింది. "దీనికి నెత్తురు పడితే ఏం జేస్తవ్?"

"మొన్న పడ్డది. ఆ పూటకే తొర్రూరు పశువుల దవాఖానకు తోలుకపోయిన."

"ముట్టైందని దూరం కూసోబెట్టలేదా?"

కొమురవ్వే నవ్వింది.

"బర్రె పాలిస్తది గద నర్సమ్మా."

తెల్లారి సాయిలు బండి కట్టి, గడ్డి పరిచాడు.

"ముట్టకు, మైల" అంది కొమురవ్వ.

వాడకట్టంతా చూస్తుండగానే ఆమెను రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టి, వరంగల్ బస్సు ఆగే చోటికి బండి తోలాడు.