కొత్త చక్కు ఇస్తానన్నాయన

"ఆ చక్కు నాకిచ్చేయండి. బదులు కొత్తది తెచ్చిస్తాను," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన.

గంగరాజు లేత్ మిషన్ ఆపాడు. తిరిగే చెక్కని బిగించి పట్టుకునే చక్కు దాని మొనకే ఉంది. కొత్తపేటలో తరిణి పట్టే షెడ్డు, అంటే చెక్కని మిషన్ మీద తిప్పుతూ నునుపుగా చెక్కే షెడ్డు, అతనిది. పొద్దున్నే ఇదేం బేరమని విసుక్కున్నాడు.

"మీరెవరండి?"

"తాతబ్బాయంటారండి. ముమ్మిడివరం. ఆ చక్కు మీరు కొన్నారని అమలాపురం పాత ఇనుము కొట్లో చెప్పారండి. దానికి చెక్కని పట్టే నాలుగు దవడలున్నాయి కదండి, అందులో ఒకదానికి పగులుంది. పైకి కనపడదండి. బరువైన చెక్క బిగించి స్పీడు పెంచితే వదిలేస్తది."

గంగరాజు లోలోపల నవ్వుకున్నాడు. పాత సామానుకి వచ్చినవాడెవడైనా ముందు దానికి వంక పెడతాడు. అమలాపురం పాత ఇనుము కొట్లో ఈ చక్కు కొన్నప్పుడు తనూ అదే చేశాడు. తుప్పుందని, అరిగిందని పావుగంట సణిగి మరీ పట్టుకొచ్చాడు.

"ఇచ్చేది కాదండి," అన్నాడు.

ఎలా ఇస్తాడు? ఇరవై ఏళ్లు మంచం కోళ్లు తిప్పాడు. కోళ్లకి చక్కు అక్కర్లేదు, చెక్కని రెండు మొనల మధ్య బిగిస్తే చాలు. ఇప్పుడు కోళ్ల మంచాలు చేయించుకునేవాళ్లే లేరు. షెడ్డు మూసేసి రొయ్యల చెరువు కాపలాకి పోదామనుకుంటుండగా ఈ చక్కు దొరికింది. ఇది చెక్కని ఒక పక్క నుంచే పట్టుకుంటుంది. రెండో పక్క నుంచి గిన్నెలా తొలుచుకోవచ్చు.

గోదావరి గట్టున కొత్తగా కట్టిన రిసార్టు వాళ్లు అరవై చెక్క గిన్నెలు అడిగారు. నెల గడువు. నచ్చితే ఏడాదంతా పని ఇస్తామన్నారు.

మూడో రోజున ముసలాయన మళ్లీ వచ్చాడు. తువ్వాలు విప్పి బల్ల మీద కొత్త చక్కు పెట్టాడు.

"మీ మిషన్ మరకి సరిపోద్దండి. ఇది ఉంచుకుని అదిచ్చేయండి. ఇంకేమీ అడగను."

గంగరాజు భార్య వీరవేణి గిన్నెకి గరుకు కాగితం పడుతోంది. మొగుణ్ణి పక్కకి పిలిచింది.

"కొత్తదిస్తానంటుంటే తీసుకోవచ్చు కదండీ."

"పిచ్చిదానా, పాతదానికి ఎవడైనా ఊరికే కొత్తదిస్తాడా? ఇందులో ఏదో ఉంది. ఫారిన్‌దై ఉంటది."

ఆవిడకీ అది నిజమే అనిపించింది.

గంగరాజు మళ్లీ ముసలాయన దగ్గరికొచ్చాడు. "ఇంతకీ తమరు వడ్రంగులాండీ?"

"కాదండి. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాణ్ణి."

"మరి అందులో పగులుందని మీకెలా తెలిసిందండి?"

ముసలాయన బల్ల వైపు తిరిగాడు. కొత్త చక్కుని మళ్లీ తువ్వాల్లో చుట్టుకున్నాడు.

"ఇంకోసారి వస్తానండి. అందాకా చిన్న చెక్కలే పెట్టండి," అని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

"దొరికిపోయేడు," అని గంగరాజు సంబరపడ్డాడు.

నలభై గిన్నెలు అయ్యాయి. మిగిలినవి పెద్దవి. నిద్రగన్నేరు దుంగ బిగించి స్పీడు పెంచాడు.

దవడ విరిగింది. దుంగ ఎగిరొచ్చి ముఖానికి తగిలింది.

కాకినాడ ఆసుపత్రిలో కుడి కన్ను తీసేశారు. ఎడమ కంటికి వెలుతురు తప్ప ఇంకేమీ ఆనదని, ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. రిసార్టు వాళ్లు ఇంకొకళ్లని చూసుకున్నారు.

"ఆ ముసలాడి దిష్టే," అన్నాడు గంగరాజు మంచం మీద నుంచి. "రెండుసార్లొచ్చి దాన్నే చూసేడు. తనకి దక్కలేదని ఏడ్చేడు."

వీరవేణికి కడుపు మండిపోయింది. మర్నాడు ముమ్మిడివరం బస్సెక్కింది. నలుగురూ వినేలా కడిగేయాలని దారంతా మాటలు కూడగట్టుకుంది.

పెంకుటింటి అరుగు మీద ఓ ముసలమ్మ కొబ్బరి ఈనెలు తీస్తోంది.

"తాతబ్బాయి ఇల్లు ఇదేనా?" అంది వీరవేణి గట్టిగా.

"ఆయ్, ఇదేనమ్మా. మా ఆయనే. ఎవరు మీరు?"

"కొత్తపేట తరిణి గంగరాజు పెళ్లాన్ని."

ముసలమ్మ ఈనెలు వదిలేసి లేచొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"చక్కు తెచ్చేవా తల్లీ? అయ్యో, ఈయనేమో పొద్దున్నే మీ ఊరు బయల్దేరేరే."

"మళ్లీ ఎందుకు?" వీరవేణి గొంతు తగ్గింది.

"ఆవేళ మీవారు అడిగితే నోరు పెగల్లేదంటమ్మా. తరిణి పట్టే మా ఒక్కగానొక్క కొడుకు పోయింది ఆ చక్కు వల్లేనని, కళ్ల ముందుండకూడదని తెలివితక్కువగా పాతినుముకి వేసేసింది మేమేనని, ఇవాళెలాగైనా మీకు చెప్పేస్తానని వెళ్లేరు."