నీసు లేని గది

"మా ఇంట్లో నీసు వండేదానికి లేదు. ఏంది మీ యాపారం?" ఉప్పళంలో ఇంటావిడ గేటు తీయకుండానే అడిగింది.

పొద్దుటినుంచీ తండ్రీకూతుళ్ళు ఆ కొత్త ఊళ్ళో తిరిగిన ప్రతి వీధిలోనూ నీసు దగ్గరే గది బేరం చెడింది. యూనివర్సిటీలో క్లాసులు రేపే మొదలు.

"కూరగాయలండీ," అన్నాడు నూకరాజు. "నీసు వాసనొస్తే మా పిల్లకి అన్నం సయించదండీ."

దేవిశ్రీ తల దించుకుంది. యానాం చేపల మార్కెట్లో, నాన్న కత్తిపీట పక్కనే కూర్చుని చదివిన పిల్ల తను.

ఆవిడ గేటు తీసి తాళంచెవి చాపింది. "ఇంద, పట్టుకోండి."

"పిల్లకివ్వండమ్మా," అంటూ, ఎంత తోమినా వాసన వదలని చేతులు నాన్న వెనక్కి పెట్టుకున్నాడు.

"వెళ్ళొస్తానమ్మా, జాగ్రత్త," అన్నాడు కూతురితో.

ఇంటావిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎప్పుడూ కూతురి తల నిమిరి కదిలే నాన్న, ఈసారి చేతులు వెనకనుంచి తీయలేదు.